గుండె వీడియో చూపించాక కూడా పిల్లలు రక్తం దారి గీయలేకపోతున్నారు. ఏం మార్చాలి?

జీవశాస్త్రం_ఉప్పల్ అడుగుతున్నారు:

నమస్కారమండీ. పదో తరగతి ప్రసరణ పాఠంలో గుండె పనితీరుకి ఒక యానిమేషన్ వీడియో వాడుతున్నాను. 11 నిమిషాలు ఉంటుంది, వ్యాఖ్యానం ఇంగ్లిష్‌లో. తరగతిలో 48 మంది. పీరియడ్ 40 నిమిషాలు. గది పొడవు దాదాపు 8 మీటర్లు, బోర్డు పక్కన 75 అంగుళాల డిజిటల్ తెర (ప్యానెల్). పుస్తకం ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉండే ద్విభాషా పుస్తకమే.

వీడియో నడుస్తున్నంతసేపు ఎవరూ కిక్కురుమనరు. అర్థమైందా అంటే అందరూ తలూపుతారు. మర్నాడు ఖాళీ బొమ్మ ఇచ్చి రక్తం దారి గుర్తించమంటే మాత్రం అవే తప్పులు. కుడి జఠరికను (గుండె కింది గది) బొమ్మలో కుడివైపు గుర్తిస్తారు. ఊపిరితిత్తులకి వెళ్లే పుపుస ధమనిలో ఆక్సిజన్ ఎక్కువున్న రక్తం పోతుందని రాస్తారు, ధమని కాబట్టి. చెడు రక్తం నీలంగా ఉంటుందని రాస్తారు. కవాటాల పేర్లు తప్పు లేకుండా వస్తాయి కానీ ఏది ఎప్పుడు మూసుకుంటుందో రాదు.

వీడియో ఎంతసేపు ఉండాలి, పాఠానికి ముందు చూపాలా తర్వాతా, ఇంగ్లిష్ వ్యాఖ్యానాన్ని ఉంచాలా తీసేయాలా అన్నది తెలుసుకోవాలనుంది. ఇంకొకటి, వెనక మూడు బెంచీల వాళ్లకి సరిగ్గా కనపడక, వినపడక ఇబ్బంది ఉంది. నెట్ మధ్యలో ఆగిపోవడం వేరే. అనుభవమున్న టీచర్లు కాస్త వివరంగా చెప్పగలరు.

నల్లబల్ల:

మేడం, మీరు చెప్పిన నాలుగు తప్పుల్లో మూడింటిని ఆ వీడియోనే నేర్పుతోంది. ఎదురుగా నిలబడ్డ మనిషి గుండెను చూపిస్తుంది, అందుకే కుడీ ఎడమా తారుమారవుతాయి. ఆక్సిజన్ తక్కువున్న రక్తానికి నీలం వేస్తుంది. పుపుస ధమనిని రెండు సెకన్లలో దాటేస్తుంది. కాబట్టి వేరే వీడియో వెతకడం కన్నా దీన్నే కోసి, సరైన చోట్ల ఆపుతూ వాడుకోవడం మేలు. వీడియో ఆపి ఉంచిన సమయంలోనే పిల్లలు నేర్చుకుంటారు. నడుస్తున్నప్పుడు చూస్తారంతే.

ముందు 11 నిమిషాల్లోంచి మూడున్నర నిమిషాల ముక్కే ఉంచుకోండి. రక్తం మహాసిరల్లోంచి కుడి కర్ణికలోకి (పై గది) వచ్చిన దగ్గర మొదలై బృహద్ధమనిలోంచి బయటికి పోయేదాకా ఉంటే చాలు. ముందుండే సంగీతం, గుండె గొప్పతనం గురించి పరిచయం, చివర గుండెపోటు, ఆహార నియమాలు అన్నీ తీసేయండి. అవి మంచి విషయాలే, కానీ ఈ పీరియడ్‌వి కావు.

ముందా తర్వాతా అన్నదానికి నా జవాబు రెండూ కాదు. పిల్లలు ఒక ఊహ కాగితం మీద పెట్టాకే వీడియో మొదలవ్వాలి. నాలుగు గదుల ఖాళీ బొమ్మ ఇచ్చి ఒక్క ప్రశ్న వేయండి: "కాలి బొటనవేలి దగ్గరున్న రక్తం ఊపిరితిత్తులకి వెళ్లి, మళ్లీ బొటనవేలికి రావాలంటే గుండెలోంచి ఎన్నిసార్లు పోవాలి?" ఒకసారి అన్నవాళ్లు ఎందరు, రెండుసార్లు అన్నవాళ్లు ఎందరు అని చేతులు లెక్కపెట్టి బోర్డు మీద ఒక మూల రాసి ఉంచండి. పెన్సిల్‌తో దారి గీయించండి. తప్పు గీసినా దిద్దకండి. ఇక వీడియోలో ఏం వెతకాలో వాళ్లకి తెలుసు.

కుడి ఎడమల సంగతి వీడియో మొదలుపెట్టకముందే తేల్చేయండి, అర నిమిషం చాలు. ప్రతి ఒక్కరూ తమ బొమ్మను, గీత బయటికి కనపడేలా ఛాతీకి ఆనించుకోవాలి. ఎదుటివాళ్లకి బొమ్మలో ఎడమవైపు కనపడే గది తమ కుడిచేతి వైపు ఉంటుంది. అదే కుడి కర్ణిక. ఆ భంగిమలోనే ఉండి కుడిచేయి ఎత్తమనండి. తర్వాత కాగితం దించి, బొమ్మ పైన "కుడి", "ఎడమ" అని వాళ్లచేతే రాయించండి.

నీలం గురించి: బొమ్మ మూలలో రంగుల సూచిక పెట్టించండి, నీలం అంటే ఆక్సిజన్ తక్కువ, ఎరుపు అంటే ఎక్కువ అని. మ్యాపులో సముద్రానికి నీలం వేసినట్టే ఇదీ అని చెప్పండి. రక్తదాన శిబిరంలో సంచిలోకి దిగే రక్తం సిరలోంచి తీసిందే, అది ముదురు ఎరుపుగా ఉంటుంది కదా అంటే వెంటనే పట్టుకుంటారు. "మంచి రక్తం, చెడు రక్తం" అనే మాటలు మాత్రం మన నోట అస్సలు రాకూడదు. ఆ మాట విన్న పిల్లవాడు ఆ రక్తంలో ఆక్సిజన్ అసలే లేదనుకుంటాడు. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండెకి తిరిగొచ్చే రక్తంలో కూడా ఆక్సిజన్ చాలావరకు మిగిలే ఉంటుంది.

ఇక ఆపే చోట్లు. కుడి కర్ణిక నిండి, అగ్రత్రయ కవాటం ఇంకా తెరుచుకోకముందు ఆపి "ఇప్పుడెటు?" అని అడగండి. తమ బొమ్మ మీద వేలు పెట్టి చూపాలి. రెండోది, కుడి జఠరిక సంకోచించే క్షణంలో. ఒత్తిడి పెరిగింది కదా, రక్తం వెనక్కి కర్ణికలోకి ఎందుకు పోలేదు? మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పుపుస ధమనిలో నీలం రంగు సగం దాకా పోయినప్పుడు ఆపండి. ఇది ధమనా, సిరా? గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకి తెచ్చేది సిర, రంగుతో సంబంధం లేదు. ఈ వాక్యం వాళ్లు రాసేదాకా వీడియో కదలకూడదు. నాలుగోది ఎడమ జఠరిక దగ్గర, దాని గోడ కుడిదానికన్నా అంత మందం ఎందుకని.

ప్రతిచోటా 40 నుంచి 60 సెకన్లు. ముందు రాయాలి, తర్వాతే మాట్లాడాలి. నోటితో అడిగేస్తే ముందు బెంచీల్లో ఐదుగురు చెప్పేస్తారు, మిగతా 43 మంది తమకీ తెలుసనుకుంటారు. మీరు చూస్తున్న తలూపుడు అక్కడిదే.

నిమిషాల లెక్క: బొమ్మ, ఊహ, కుడి ఎడమ కలిపి 10. ఆపుతూ చూపడం 9. ఆపకుండా మరోసారి మూడున్నర. శబ్దం తీసేసి ఇద్దరు ముగ్గురు పిల్లలచేత వంతులవారీగా వ్యాఖ్యానం చెప్పించడం 4. కొత్త ఖాళీ బొమ్మ మీద ఏమీ చూడకుండా గీయడం 7. పక్కవాళ్ల కాగితం దిద్దడం 4. సర్దుకోవడానికి రెండున్నర నిమిషాలు మిగులుతాయి. మర్నాడు మొదటి 3 నిమిషాల్లో అదే ఖాళీ బొమ్మ మళ్లీ ఇవ్వండి, వారం తర్వాత ఇంకోసారి.

కవాటాలది వేరే పని, రెండో పీరియడ్‌కి ఉంచండి. నిమిషానికి దాదాపు 72 స్పందనలంటే ఒక్కో చక్రానికి 0.8 సెకను. అందులో కర్ణికల సంకోచం 0.1, జఠరికలది 0.3, మిగతా 0.4 విశ్రాంతి. అంత వేగంలో కన్ను ఏదీ పట్టుకోలేదు. యానిమేషన్ అసలు వేగంలోనే ఉంటే పావు వేగానికి తగ్గించండి, ఒక చక్రం 3.2 సెకన్లు పడుతుంది. కొన్ని యానిమేషన్లు ముందే నెమ్మదిగా చేసి ఉంటాయి, గడియారంతో చూసుకోండి. కర్ణికలకీ జఠరికలకీ మధ్య కవాటాలు మూసుకోగానే "లబ్", ధమనుల మొదట్లో ఉండే అర్ధచంద్రాకార కవాటాలు మూసుకోగానే "డబ్". పిల్లలు కళ్లు మూసుకుని విని, "లబ్" దగ్గర బల్ల మీద తట్టాలి. రెండోసారి కళ్లు తెరిచి తట్టాలి. ఏ కవాటం మూసుకున్నప్పుడు తట్టారో రాయాలి.

సౌండ్‌బాక్స్_కోఠి:

నల్లబల్ల సార్ పాఠం సంగతి చెప్పారు. నేను తెర, శబ్దం, ఫైలు వరకే చెప్తాను.

75 అంగుళాల ప్యానెల్ తెర ఎత్తు దాదాపు 93 సెంటీమీటర్లు. చదవాల్సిన అక్షరాలుంటే ఆఖరి విద్యార్థి తెర ఎత్తుకి ఆరు రెట్ల కన్నా దూరంగా కూర్చోకూడదనేది పని చేసే లెక్క. అంటే 5.6 మీటర్లు. మీ గది 8 మీటర్లు కాబట్టి వెనక మూడు బెంచీలు ఆ గీత దాటిపోయాయి. వాళ్ల కళ్లదీ, శ్రద్ధదీ తప్పు కాదు. 8 మీటర్ల నుంచి హాయిగా చదవాలంటే అక్షరం దాదాపు 4 సెంటీమీటర్లుండాలి. తెలుగు ఒత్తులకి ఇంకొంచెం కావాలి. మామూలు యానిమేషన్లలో పేర్లు అందులో సగముంటాయి. ఒకసారి వీడియో ఆపి, స్కేలు తీసుకెళ్లి తెర మీద అక్షరం కొలిచి చూడండి.

పరిష్కారం పెద్ద ప్యానెల్ కొనడం కాదు. వీడియో పీరియడ్‌లో ఆ మూడు బెంచీలనూ పక్క నడవల్లోకి జరపండి, లేదా ఆ పిల్లల్ని ముందు చాప మీద కూర్చోబెట్టండి. పేర్లన్నీ బోర్డు మీద పెద్దగా రాసి, 1, 2, 3 అని నంబర్లు వేస్తే తెర మీద పేరు చదవక్కర్లేదు, నంబరు పలికితే చాలు. ప్యానెల్ కింది అంచు నేల నుంచి 4 అడుగులకి తగ్గితే ముందువాళ్ల తలలు అడ్డమొస్తాయి. ఎదురు కిటికీ వెలుగు తెర మీద పడుతుంటే ఆ ఒక్క కిటికీకి ముదురు రంగు గుడ్డ కట్టండి. గది మొత్తం చీకటి చేయొద్దు, పిల్లలు రాసుకోవాలి.

శబ్దానికొస్తే, ప్యానెల్ స్పీకర్లు ముందు బెంచీకి ఎక్కువ, వెనక బెంచీకి తక్కువ. ఫ్యాన్లన్నీ తిరుగుతుంటే హల్లులు పోతాయి, అచ్చులే మిగులుతాయి. వాల్యూమ్ పెంచితే గోడలు మోగుతాయి తప్ప మాట స్పష్టం కాదు. లోపలే యాంప్లిఫైయర్ ఉండే రెండు యాక్టివ్ స్పీకర్లు తీసుకుని ప్యానెల్ దగ్గర కాకుండా గది పొడవులో మూడో వంతు దగ్గర, ఇరుపక్క గోడలకి, కూర్చున్న పిల్లల తలల కన్నా అడుగున్నర పైన, కాస్త వెనక బెంచీల వైపు తిప్పి బిగించండి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. కొనేటప్పుడు పాట పెట్టి కాదు, మాట పెట్టి వినండి. బేస్ దంచే స్పీకర్ తరగతికి పనికిరాదు. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ఈక్వలైజర్‌లో 60, 170 హెర్ట్జ్ గీతలు దించి, 3 కిలోహెర్ట్జ్ గీత కొంచెం ఎత్తితే ఉన్న స్పీకర్లతోనే మాట తేటపడుతుంది.

బ్లూటూత్ స్పీకర్ మాత్రం వద్దు, వైరు వాడండి. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆలస్యమవుతుంది. కొన్ని ప్లేయర్లు దాన్ని సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. మామూలు పాఠానికి ఫరవాలేదు గానీ, సార్ చెప్పిన "లబ్" దగ్గర తట్టే పనిలో కవాటం ముందే మూసుకుని శబ్దం తర్వాత వస్తుంది. పిల్లలు తప్పు కవాటానికి తట్టినట్టవుతుంది. తప్పనిసరైతే వీఎల్‌సీలో జె, కె అక్షరాల కీలు నొక్కి శబ్దాన్ని ముందుకీ వెనక్కీ జరపొచ్చు.

నెట్ మీద నేరుగా నడపడం మానేయండి. ప్రకటనలు, ఆగిపోవడం, అయిపోగానే ఇంకో వీడియో మొదలవడం, ఇవన్నీ పాఠాన్ని తినేస్తాయి. కోసిన ముక్కను ఎంపీ4లో, హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియోగా పెట్టుకోండి. హెచ్.265 ఫైలు పాత ప్యానెళ్లలో నల్లతెర చూపి శబ్దమొక్కటే వినిపిస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 720పీ 30 ఫ్రేముల ఎంపిక చాలు. మూడున్నర నిమిషాలు సెకనుకి 1.5 మెగాబిట్ల చొప్పున 40 ఎంబీ లోపే వస్తుంది. మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా నేరుగా కోసే యాప్‌లు మీరు చెప్పిన సెకను దగ్గర కోయవు, దానికి ముందున్న కీ-ఫ్రేమ్ (బొమ్మ మొత్తం నిల్వ ఉండే ఫ్రేము) దగ్గర కోస్తాయి. అందుకే ముక్క రెండు మూడు సెకన్లు ముందే మొదలవుతుంది. పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ లేదా ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ముక్కలకి ఆ ఇబ్బంది రాదు.

ఫ్రేము ఫ్రేముగా ఆపాలంటే ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ వైరుతో కలిపి వీఎల్‌సీ వాడండి. స్పేస్ నొక్కితే ఆగుతుంది, ఇ అక్షరం కీ నొక్కిన ప్రతిసారీ ఒక ఫ్రేము ముందుకి పోతుంది. వెనక్కి ఒక ఫ్రేము పోవడం అందులో కుదరదు, కాబట్టి కాస్త ముందే ఆపి జరుపుకుంటూ రావాలి. వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ కంట్రోల్స్ పెట్టుకుంటే ఏ-బీ గుండీ వస్తుంది. దాంతో ఒక్క గుండె చక్రాన్ని మళ్లీ మళ్లీ తిప్పొచ్చు.

జీవశాస్త్రం_ఉప్పల్:

ఇద్దరికీ చాలా ధన్యవాదాలు. అక్షరం కొలిచాను సార్, సరిగ్గా 2 సెంటీమీటర్లే ఉంది. బెంచీలు జరుపుతాం. ఇంగ్లిష్ వ్యాఖ్యానం సంగతి ఇంకా తేలలేదు. వీడియో నడుస్తుంటే పక్కన తెలుగులో చెప్తూ పోతే సరిపోతుందా? కింద సబ్‌టైటిళ్లు కూడా వేస్తున్నాను.

రెండు_పేజీలు:

మేడం, ఆ రెండూ ఆపేయండి. ఒకే సమయంలో తెరలోని ఇంగ్లిష్ గొంతు, మీ తెలుగు గొంతు, కింద పరిగెత్తే అక్షరాలు, మధ్యలో కదిలే బొమ్మ. నాలుగింట్లో పిల్లవాడు ఒకటే ఎంచుకోగలడు, అది చాలాసార్లు అక్షరాలవుతుంది. గుండె కదులుతుంటే కళ్లు కింద చదువుతుంటాయి. వినపడే మాటనే బొమ్మ పక్కన అక్షరాల్లో కూడా పరిగెత్తిస్తే నేర్చుకోవడం తగ్గుతుందని బహుమాధ్యమ బోధన మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన రిచర్డ్ మేయర్ చూపించారు. ఒకటి రెండు కీలక పదాలు బొమ్మ పక్కనే కనపడటం మాత్రం మేలు చేస్తుంది. పైగా యంత్రం తనంతట తాను వేసే సబ్‌టైటిళ్లు జీవశాస్త్ర పదాల దగ్గర తరచు తప్పుతాయి.

అయితే రెండో భాషలో వినేవాళ్ల సంగతి వేరు. మన పిల్లలు వినేది ఇంగ్లిష్, ఆలోచించేది తెలుగు, పరీక్ష రాసేది ఇంగ్లిష్. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మాధ్యమం, ద్విభాషా పుస్తకాలు వచ్చాక ఇది అన్ని సబ్జెక్టులకీ వచ్చిన ప్రశ్నే. అందుకే నల్లబల్ల సార్ క్రమంలో చిన్న మార్పు చెప్తాను. ఆపుతూ చూపించే మొదటిసారి శబ్దం పూర్తిగా తీసేసి మీరే తెలుగులో చెప్పండి. ఆపకుండా చూపించే రెండోసారి ఇంగ్లిష్ వ్యాఖ్యానం పెట్టి మీరు నోరు విప్పకండి. అప్పటికి దారి తెలిసిపోయింది కాబట్టి చెవి కొత్త పదాల మీద ఉంటుంది.

పదాలు ముందే బోర్డు మీద జంటలుగా ఉండాలి, ఆరుకి మించకుండా. కర్ణిక–ఏట్రియం, జఠరిక–వెంట్రికిల్, కవాటం–వాల్వ్, ధమని–ఆర్టరీ, సిర–వెయిన్, పుపుస–పల్మనరీ. బోర్డు మీద రెండోది ఇంగ్లిష్ లిపిలోనే రాయాలి, స్పెల్లింగ్ కళ్లకి అలవాటవ్వాలి. రెండోసారి నడిచేటప్పుడు ఏ పదం వినపడితే దాని ఎదుట కాగితం మీద ఒక గీత పెట్టమనండి. ఒక పదానికి ఎవరూ గీత పెట్టకపోతే అది వాళ్ల చెవికి అందలేదన్నమాట. వ్యాఖ్యాత యాస వల్లనో, వేగం వల్లనో జారిపోయుంటుంది. అక్కడ వెనక్కి తిప్పి, 0.75 వేగంలో వినిపించి, తరగతి మొత్తంతో పలికించండి. అంతకన్నా వేగం తగ్గిస్తే గొంతు సాగి పదం ఇంకా అర్థం కాదు.

నల్లబల్ల:

ఈ మార్పు నా క్రమం కన్నా మంచిది. శబ్దం లేకుండా మనమే చెప్పేటప్పుడు ఒక్క జాగ్రత్త: ఆపినప్పుడే మాట్లాడాలి. కదులుతుండగా మనం కూడా వ్యాఖ్యాతల్లా వాగితే మళ్లీ మొదటికే వస్తాం.

స్టాప్‌వాచ్:

భౌతికశాస్త్రం నుంచి ఒక మాట. "అందరూ అర్థమైందన్నారు, కానీ రాయలేదు" అన్న సమస్య మీదే సిడ్నీ విశ్వవిద్యాలయంలో డెరెక్ ముల్లర్ పరిశోధన చేశారు. తేటగా, తప్పులేకుండా వివరించే వీడియోని విద్యార్థులు స్పష్టంగా ఉందని మెచ్చుకున్నారు, పరీక్షలో మాత్రం పెద్దగా మారలేదు. జనానికి సాధారణంగా ఉండే తప్పు ఊహను ముందు పైకి తెచ్చి, అది ఎందుకు తప్పో చర్చించిన వీడియో గందరగోళంగా ఉందన్నారు, కానీ దాన్నుంచే ఎక్కువ నేర్చుకున్నారు. స్పష్టమైన వీడియోలో పిల్లవాడు తనకి ముందే తెలిసిన దాన్నే చూసుకుంటాడు. అందుకే పైన సార్ చెప్పిన "ముందు ఊహ రాయించండి" అన్న మెట్టు టైం లేదని తీసేయకండి. పైకి విసిరిన బంతి శిఖరం దగ్గర ఆగిన క్షణంలో దాని మీద బలం ఎంత? తరగతిలో చాలామంది సున్నా అంటారు. ఆ సున్నా బోర్డు మీద ఉన్నప్పుడే వీడియోకి పనుంటుంది.

ఇంకొకటి. భౌతికశాస్త్రంలో దొరికే వీడియో కన్నా తీసుకునే వీడియో మేలు. 9వ తరగతి గురుత్వాకర్షణకి ఫోను చాలు. గోడకి నిలువుగా ఒకటిన్నర మీటర్ల టేపు అంటించి, దాని పక్కనే, అదే తలంలో డ్యూస్ బంతి వదలండి. ఫోను 3 మీటర్ల దూరంలో, టేపు మధ్య ఎత్తులో, కదలకుండా ఉండాలి. దగ్గర పెడితే పైనా కిందా కొలతలు ఏటవాలు చూపు వల్ల తప్పుతాయి. సెకనుకి 30 ఫ్రేముల్లో తీసి, వదిలిన ఫ్రేము నుంచి 5, 10, 15వ ఫ్రేముల దగ్గర టేపు చదవండి. 13.6, 54.4, 122.5 సెంటీమీటర్లకి దగ్గరగా రావాలి. వరస తేడాలు 1:3:5. సూత్రం చెప్పక్కర్లేదు, పిల్లలే పట్టేస్తారు.

ఎక్కడ చెడుతుందంటే, గదిలో తీస్తే కెమెరా షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. 15వ ఫ్రేము దగ్గర బంతి వేగం సెకనుకి 4.9 మీటర్లు, అంటే ఒక్క ఫ్రేములో 16 సెంటీమీటర్లు దిగుతుంది. బంతి బదులు పొడవాటి మసక గీత కనపడుతుంది. ఎండలో తీస్తే షట్టర్ దానంతటదే చిన్నదవుతుంది. సెకనులో 500వ వంతుకి వస్తే మసక ఒక సెంటీమీటరే. రెండో చిక్కు, కొన్ని ఫోన్లు ఫ్రేముల మధ్య సమయాన్ని సమానంగా ఉంచవు. బంతి పక్కన ఇంకో ఫోనులో స్టాప్‌వాచ్ నడుపుతూ దాన్ని కూడా వీడియోలో వచ్చేలా పెడితే తేడా తెలిసిపోతుంది. కొలతలు ఇంకా పక్కాగా కావాలంటే ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

విద్యుత్ వలయాలకి మాత్రం వీడియో ఏ రకమైనా వద్దంటాను. అక్కడ పిల్లవాడు తీగ మార్చి చూడాలి. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లు 2002 నుంచి ఉన్నాయి, ఉచితం, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి.

పటం_సోషల్:

సోషల్ వాళ్లకి చిన్న చేర్పు. నగరీకరణ పాఠానికి వ్యాఖ్యానమున్న వీడియోలు వెతక్కండి. గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి ఏడాది ఏడాదికీ ఉపగ్రహ చిత్రాలున్నాయి. హైదరాబాద్ మాదాపూర్ మీద పెట్టి 1998 దగ్గర ఆపండి, సైబర్ టవర్స్ మొదలైన ఏడాది. అక్కడి నుంచి వదిలితే రాళ్లగుట్టలు ఎటు తరిగాయో, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఎప్పుడు గీతగా కనపడిందో పిల్లలే ఏడాది పట్టుకుంటారు. తర్వాత 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్ జలాశయం వైపు జరిపి, చుట్టూ ఏం పెరిగిందో రాయించండి. 20 సెకన్ల కదలిక, 20 నిమిషాల పని.

జీవశాస్త్రం_ఉప్పల్:

స్టాప్‌వాచ్ సార్ చెప్పింది ఫిజిక్స్ మేడంకి చూపించాను, ఎండ ఉన్న రోజు చూసుకుని తీస్తామన్నారు. ఇంకో సందేహం. వీడియో ఇలా కోసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవడం తప్పు కాదు కదా? తెలుగులో తయారుగా ఎక్కడ దొరుకుతాయి?

రెండు_పేజీలు:

1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో బోధన కోసం టీచరు గానీ, విద్యార్థి గానీ చేసుకునే ప్రతికి మినహాయింపు ఉంది. విద్యాసంస్థ పనుల్లో భాగంగా సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల వరకే వీడియో చూపించడానికీ ఉంది. అదే ముక్కను బడి పేరుతో ఛానల్‌లో పెడితే అది బోధన కాదు, ప్రచురణ. ఇక డౌన్‌లోడ్‌కి ఆయా వెబ్‌సైట్ల నియమాలు వేరుగా ఉంటాయి. కాబట్టి డౌన్‌లోడ్‌కి అనుమతి ఇచ్చేవాటినే ముందు చూడండి.

పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉన్నచోట దీక్షా యాప్‌తో స్కాన్ చేయండి. కెమెరా పట్టకపోతే కోడ్ కింద ఉండే ఆరు అక్షరాలు టైపు చేసినా అదే తెరుచుకుంటుంది. డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా యాప్‌లో నడుస్తుంది. ముందురోజు ఇంట్లోనే దించుకుని, ఏరోప్లేన్ మోడ్ పెట్టి ఒకసారి నడిపి చూడండి. లేకపోతే తరగతిలో తిరుగుతున్న గుండ్రం చూస్తూ నిలబడాల్సి వస్తుంది. టీ-శాట్ విద్య ఛానల్‌లో తెలుగు పాఠాలున్నాయి. అవి చాలావరకు స్టూడియో ఉపన్యాసాలు, తరగతిలో మొత్తం నడపడం కన్నా పునశ్చరణకి ఇంటి దగ్గర చూడమనడం మంచిది.

జీవశాస్త్రం_ఉప్పల్:

అయితే ఇలా చేస్తాను. మొదటి పీరియడ్ రక్తం దారి, నల్లబల్ల సార్ లెక్క ప్రకారం. మొదటిసారి శబ్దం లేకుండా నాలుగు చోట్ల ఆపుతూ తెలుగులో, రెండోసారి ఇంగ్లిష్‌లో, ఆరు పదాలకి గీతలతో. మర్నాడు ఖాళీ బొమ్మ, ఆ తర్వాత వైరు స్పీకర్‌తో కవాటాలు. ఎడమ జఠరిక గోడ మందం మాత్రం యానిమేషన్‌లో అంతగా తెలియడం లేదు. రెండు గోడలూ ఇంచుమించు ఒకేలా గీశారు.

నల్లబల్ల:

దానికి వీడియో వదిలేయండి మేడం. మటన్ కొట్టులో ముందురోజే చెప్పి ఉంచితే మేక గుండె ఇస్తారు. పైన ధమనులు, సిరలు రెండంగుళాలైనా ఉండేలా కోయమనండి. మామూలుగా వాటిని నరికి పారేస్తారు, అప్పుడు ఏ నాళం ఎక్కడికి పోతుందో చూపలేం. 48 మందికి నాలుగు గుండెలు తెప్పించండి, 12 మందికొకటి.

కుళాయి కింద గడ్డకట్టిన రక్తం పోయేదాకా కడగండి. కోయకముందు ఒక్కో నాళంలోకి స్ట్రా దూర్చి, అది ఏ గదిలోకి దిగిందో బయటి నుంచి వేలితో తడిమి చెప్పించండి. తర్వాత మొన నుంచి పైకి నిలువుగా, రెండు జఠరికలూ తెరుచుకునేలా పదునైన బ్లేడుతో కోయండి. మొద్దు బ్లేడు కవాటాల తీగల్ని లాగి తెంపేస్తుంది. కోత పని మీరే చేయాలి, పిల్లలకి చేతి తొడుగులు ఇచ్చి తాకనివ్వండి. రెండు గోడల మందం మిల్లీమీటర్ల స్కేలుతో కొలిచి, రెండు అంకెలూ బోర్డు మీద రాసి, ఆ తర్వాత ప్యానెల్‌లో మీ వీడియోని నాలుగో ఆపు దగ్గర నిలిపి పెట్టండి. యానిమేషన్‌లో ఏది తప్పు గీశారో పిల్లలే చెప్తారు.